నడిమి మనిషికి స్తుతి

అయ్యా నడిమి మనిషీ, మిమ్మల్ని పొగడాలని కూర్చున్నాను. మీలో లేని గుణం ఒక్కటీ ఇందులో రాదు. ఉన్నవే చెబుతాను, లెక్కలతో, తేదీలతో చెబుతాను. మాకు ఈ పద్ధతి భద్రాచలం నేర్పింది. గుడి కట్టించి గోల్కొండ ఖైదులో పడ్డ కంచర్ల గోపన్న, రాముణ్ణి నిలదీస్తూ పాడిన కీర్తనలో ఏ నగకు ఎన్ని వరహాలు పట్టిందో వరసగా అప్పజెప్పాడు. తహసీలుదారు కదా. సొమ్ము సర్కారుది, నగలు దేవుడివి, శిక్ష తనది. అంత దుఃఖంలోనూ లెక్క తప్పలేదు. మీ కథ చదివినప్పటి నుంచి నాకు ఆ కీర్తనే గుర్తొస్తోంది. చీకటి కొట్లో ఉన్న ఖైదీ చెప్పగలిగిన లెక్కను, కంప్యూటర్లూ గుమాస్తాలూ ఉన్న ఒక ప్రభుత్వం చెప్పలేకపోయింది.

కథ తెలియనివాళ్ళ కోసం ముందుగా అది చెబుతాను. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ మొదలైన కొత్తలో, కెనడా సరిహద్దు సేవల సంస్థ అరైవ్‌క్యాన్ అనే మొబైల్ యాప్ తెచ్చింది. దేశంలోకి వచ్చేవాళ్ళు తమ ఆరోగ్యం సంగతి, ఎక్కడ దిగబోతున్నారో ఆ చిరునామా, తర్వాతి రోజుల్లో టీకా వివరాలు అందులో నింపాలి. కూతురి కాన్పుకు బయల్దేరిన విజయవాడ తల్లులూ, చదువుకు వెళ్ళే హైదరాబాదు పిల్లలూ విమానం ఎక్కే ముందు దాన్ని నింపినవాళ్ళే. మొదటి రూపానికి అయిన ఖర్చు 80,000 డాలర్లు. 2022 అక్టోబరు 1న తప్పనిసరి నిబంధన ఎత్తేశారు. ఈ రెండున్నరేళ్ళలో మొత్తం ఎంతయిందని ఆడిటర్ జనరల్ కారెన్ హోగన్ తవ్వి చూశారు. 2024 ఫిబ్రవరిలో ఆమె చెప్పగలిగింది ఒక అంచనా మాత్రమే: 5 కోట్ల 95 లక్షల డాలర్లు. కాగితాలు ఎంత అధ్వానంగా ఉన్నాయంటే, కచ్చితమైన అంకె తేల్చడం సాధ్యం కాదని రాశారు. అందులో 1 కోటి 91 లక్షలు ఒక్క సంస్థకే వెళ్ళాయని ఆమె అంచనా. అంత రాలేదని ఆ సంస్థ వాదించింది. ఒట్టావా శివార్లలోని ఆ సంస్థ పేరు జీసీ స్ట్రాటజీస్. అందులో ఉన్నది ఇద్దరు మనుషులు. వాళ్ళు కోడ్ రాయరు. రాసేవాళ్ళను వెతికి తెచ్చి అప్పగిస్తారు.

ఆ ఇద్దరినే తిట్టి ఊరుకోవాలని ఇది రాయడం లేదు. డబ్బిచ్చే చేతికీ పనిచేసే చేతికీ నడుమ ఎవరు నిలబడినా వాళ్ళందరినీ కలిపి ‘మీరు’ అంటున్నాను. ఆ ఇద్దరి లెక్కలు ఆడిటుకు ఎక్కాయి, ఎక్కనివి ఇంకెన్నో.

మొదట మీ చదువును పొగుడుతాను. ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ మనుషుల్ని తీసుకునే కాగితాలు ఎలా ఉంటాయో చూసినవాళ్ళకే మీ ఓపిక విలువ తెలుస్తుంది. ముందుగా ఆమోదం పొందిన సరఫరాదారుల పట్టికలో పేరుండాలి. భద్రతా అనుమతులు ఉండాలి. ఫలానా పనికి ఫలానా తరగతి మనిషి, ఆ తరగతికి ఇన్నేళ్ళ అనుభవం, ఏడాదికి ఇన్ని మార్కులు, రోజుకు ఇంత రేటు అని గళ్ళు గీసి ఉంటాయి. ఆరుగురు కుర్రాళ్ళు కలిసి మంచి ప్రోగ్రాం రాయగలరు కానీ ఆ గళ్ళు నింపలేరు. నింపడం నేర్చుకోవాలంటే రాయడం మానెయ్యాలి. మీరు రాయడం మొదలుపెట్టనే లేదు కనుక, నింపడంలో మీ అంతవాళ్ళు లేరు. ఈ నేర్పు నిజమైనది. కష్టపడి సంపాదించినది. నేను దాన్ని చిన్నచూపు చూడను. నా బాధ వేరు. మీ చదువు అంత విలువైనదయ్యేలా ఆ తలుపును ఎవరు చేశారు? పని తెలిసినవాడు లోపలికి రాలేక, కాగితం తెలిసినవాడు మాత్రమే రాగలిగేలా గడియ బిగించింది ప్రభుత్వమే. తర్వాత ఆ గడియ తీసినందుకు మీకు కూలి కట్టింది. 15 నుంచి 30 శాతం దాకా తీసుకుంటామని పార్లమెంటు కమిటీ ముందు మీరే చెప్పారు. ఆ మాట దాచనందుకు కూడా మిమ్మల్ని మెచ్చుకోవాలి.

మీ చొరవ ఇంకా గొప్పది. మొదటి కాంట్రాక్టు పోటీ లేకుండానే వచ్చింది. మహమ్మారి రోజులు, తొందర ఉంది, సరే అనుకుందాం. ఆ కాంట్రాక్టుకు మీరు ఒక ప్రతిపాదన రాసిచ్చినట్లు ఆధారం ఆడిటర్లకు కనబడలేదు. మిమ్మల్ని ఎంపిక చేసిందెవరని అడిగితే అధికారులు ఒకరివైపు ఒకరు వేలు చూపించారు. ఇక 2022 మే నాటి కాంట్రాక్టు, 2 కోట్ల 50 లక్షల డాలర్లది, పోటీ టెండరే. ఆ టెండరులో ఏమేం అడగాలో తయారుచేసే పనిలో మీరూ ఉన్నారని ఆడిటు చెప్పింది. ఆ షరతులు మరీ ఇరుకుగా, మీకు అనువుగా ఉన్నాయని ప్రభుత్వ కొనుగోళ్ళ అంబుడ్స్‌మన్ విడిగా తేల్చారు. వచ్చిన బిడ్డు ఒక్కటే, అది మీది. పెళ్ళికూతురికి ఏ కొలతల్లో రవిక కుట్టాలో చెప్పడం దర్జీ పని అనుకోవచ్చు. కానీ పెళ్ళికొడుకు ఎంత ఎత్తుండాలి, ఏ రంగుండాలి, ఏ ఊరివాడై ఉండాలి అని పెద్దలు మీ చేతే రాయించుకుని, ఆ రాసినదాన్ని ఊరంతా చాటి, సరిపోయింది మీరొక్కరే అన్నారంటే ఆ ఇంట్లో పెద్దలు లేనట్టే. తమకేం కావాలో తాము రాసుకోలేని కార్యాలయానికి మీరు రాసిపెట్టారు. ఆ లోటును పూడ్చింది మీరే, దాని ఖరీదు తీసుకున్నదీ మీరే.

ఇప్పుడు మీ గుణాల్లో మా తెలుగువాళ్ళు వెంటనే గుర్తుపట్టేదానికి వస్తాను. మనుషుల అనుభవాన్ని కాగితం మీద పెంచే విద్య. అంబుడ్స్‌మన్ నివేదిక 2024 జనవరిలో వచ్చింది. బిడ్డులో చూపించిన మనుషుల్లో కొందరో, అందరో అసలు ఆ పనే చేయని కాంట్రాక్టులు దాదాపు 76 శాతం ఉన్నాయని అది చెప్పింది. అంటే పేర్లు చూపించి పని గెలిచారు, పని మాత్రం వేరేవాళ్ళు చేశారు. ఇది ఒక్క మీ సంస్థ సంగతే కాదు, అరైవ్‌క్యాన్ కాంట్రాక్టులన్నిటి సంగతి. అదే సరిహద్దు సంస్థకు ఇంకో ప్రాజెక్టులో, మీ ద్వారా, మాంట్రియల్‌కు చెందిన బాట్లర్ అనే చిన్న సంస్థ పనిచేసింది. ఉద్యోగ స్థలాల్లో వేధింపులకు గురైనవాళ్ళకు సాయపడే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. తమ రెజ్యూమెల్లో అనుభవం నెలలు తమకు తెలియకుండానే పెరిగాయని వాళ్ళు బయటపెట్టారు. తప్పు ప్రతి పంపడం వల్ల పొరపాటు జరిగిందని మీ వైపు నుంచి కమిటీకి జవాబు వచ్చింది. తమకు రావలసిన డబ్బు తాము ఎన్నడూ చూడని మరో రెండు సంస్థల గుండా రావలసి ఉందని కూడా వాళ్ళకు ఆలస్యంగానే తెలిసింది.

అమీర్‌పేట సందుల్లో మూడు నెలల కోర్సు చేసి ఏడేళ్ళ అనుభవంతో బయటికొచ్చిన రెజ్యూమెలు మాకు తెలుసు. క్లయింటు, ప్రైమ్ వెండర్, వాడి కింద వెండర్, వాడి కింద ఎంప్లాయర్, అందరికంటే కింద బెంచి మీద కూర్చున్న మన పిల్లాడు. ఈ నిచ్చెన డల్లస్‌లో, న్యూజెర్సీలో, టొరంటోలో మన కుటుంబాలకు అన్నం పెట్టింది. పైమెట్టు మీద గంటకు ఎంత బిల్లు వేస్తున్నారో కింది మెట్టువాడికి తెలియనివ్వకపోవడమే ఆ నిచ్చెన ధర్మం. ఒకరి పేరుతో ఇంటర్వ్యూ, మరొకరి చేత పని. ఇవన్నీ మనవాళ్ళు చేశారు, మనవాళ్ళకు జరిగాయి. అందుకే మీ కథను నేను దూరదేశపు వింతలాగా చదవలేకపోతున్నాను. ఆ పెంచిన నెలల వెనక నాకు తెలిసిన ముఖాలు కనబడుతున్నాయి. ఒక పిల్లాడికి లేని అనుభవం అంటగట్టి పంపితే, క్లయింటు ముందు రోజూ భయంతో చచ్చేది వాడు. మీ వాటా ఆ నెల చివరికి మీకు చేరిపోతుంది.

మా దగ్గరా ఒక నడిమి మనిషి ఉండేవాడు, పాలమూరు కూలీల్ని తీసుకుపోయే గుంపు మేస్త్రీ. కాలువలకూ, ఆనకట్టలకూ, దేశం నాలుగు మూలలకూ తోలుకుపోయేవాడు. అతని మీద నాకేమీ మమకారం లేదు. అడ్వాన్సు పేరిట ఇంటిల్లిపాదినీ కట్టేసుకున్న మేస్త్రీలున్నారు, పైనుంచి కమిషను, కిందనుంచి కూలి కోత తిన్నవాళ్ళున్నారు. అయినా గుంపు మేస్త్రీ తన గుంపుతోపాటే కాలువ గట్టు మీద గుడిసె వేసుకుని ఉండేవాడు. ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరు బరువైన తట్ట ఎత్తలేకపోతున్నారో అతనికి తెలుసు. ఏ గజం మట్టి ఎవరు తవ్వారో చెప్పగలడు. మీరు ఆ పాటి కూడా సైటు మీద ఉండనక్కర్లేకుండా ఈ వృత్తిని నడపగలిగారు. ఇద్దరు మనుషులు, పదేళ్ళలోపు కాలం, 31 ప్రభుత్వ సంస్థలు, 106 కాంట్రాక్టులు. 2025 జూన్‌లో వచ్చిన ఆడిటు లెక్క ఇది. వాటి మొత్తం విలువ 9 కోట్ల 27 లక్షల డాలర్ల దాకా, చెల్లించింది దాదాపు 6 కోట్ల 45 లక్షలు. ఇద్దరితో ఇంత పని నడపడం సామాన్యమా? ఏ పరిశ్రమాధిపతికీ సాధ్యం కాదు. సాధ్యమైందంటే, పని అనేది మీ చేతుల మీదుగా వెళ్ళలేదు. డబ్బు మాత్రమే వెళ్ళింది.

మా దగ్గర రోడ్డు వేసినా, చెరువు పూడిక తీసినా ఇంజనీరు టేపు పట్టుకుని కొలిచి ఎంబుక్ అనే కొలతల పుస్తకంలో ఎక్కిస్తేనే బిల్లు కదులుతుంది. ఎంబుక్‌లో దొంగ కొలతలు ఉంటాయని నాకు తెలుసు. కానీ దొంగ కొలత రాయాలన్నా ఒక కొలత రాయాలి, కింద ఒక సంతకం పెట్టాలి. రేపు ఎవరైనా వచ్చి రోడ్డు తవ్వి చూస్తే ఆ సంతకం పట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు అలాంటి ఎంబుక్ కష్టమని అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఏ మార్పు ఏ రోజు ఎవరు చేశారో క్షణాలతో సహా భద్రపరిచే పద్ధతి ప్రోగ్రామర్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు లాంటిది. ఆ అలవాటును బిల్లుల దాకా రానివ్వకపోవడమే కష్టపడి చేసిన పని. 106 కాంట్రాక్టుల ఆడిటులో, పరిశీలించినవాటిలో 46 శాతానికి, డబ్బిచ్చిన పని అందిందనడానికి ఆధారం లేదు, లేదా నామమాత్రంగా ఉంది. డబ్బు మాత్రం ఇచ్చారు. అరైవ్‌క్యాన్‌లో బయటి మనుషులకు కట్టిన సగటు రేటు రోజుకు 1,090 డాలర్లని ఆడిటు అంచనా వేసింది. అలాంటి పనే ప్రభుత్వ ఉద్యోగి చేస్తే 675. తేడా 415. రోజుకు ఒక మనిషి మీద అంత ఎక్కువ ఇచ్చీ, ఆ మనిషి ఏం చేశాడో రాసిపెట్టుకోలేదు.

కొలత లేకపోతే ఏమవుతుందో 2022 జూన్ చెప్పింది. యాప్‌కు మొత్తం 177 విడుదలలు జరిగాయి. వాటిలో 25 పెద్దవి. ఆ 25లో 12 విడుదలలకు ముందు పరీక్షించి చూశారనడానికి రుజువు లేదు. జూన్‌లో వచ్చిన ఒక విడుదల దాదాపు 10,000 మంది ప్రయాణికులకు, టీకాలన్నీ వేయించుకున్నవాళ్ళకు, క్వారంటైన్‌లో ఉండాలని తప్పుడు ఆదేశం పంపింది. వాళ్ళలో మన అమ్మానాన్నలూ ఉండే ఉంటారు. కొడుకు ఇంటికి చేరీ చేరగానే ఫోనులో వచ్చిన ప్రభుత్వపు మాట. పరాయి దేశం, భాష రాదు, ఎవరినీ అడగలేరు, ఫోను చెప్పింది కనుక గదిలోంచి బయటికి రాకూడదేమో అనుకునే వయసు. ఇలాంటి ఒక్క పెద్దాయన భయానికైనా ఆ 5 కోట్ల 95 లక్షల్లో ఏ పైసా బాధ్యత వహిస్తుంది? మీరు కోడ్ రాయలేదు. రాసినవాడికి పరీక్షించమని ఎవరైనా చెప్పారనడానికి రుజువు లేదు. పైనున్నవాడు అడిగాడనడానికీ లేదు. ఎవరిదీ తప్పు కాని చోట ఆ పెద్దాయన గదిలో కూర్చున్నాడు.

అదే ఏడాది అక్టోబరులో, సెలవుల వారాంతంలో టొరంటో ప్రోగ్రామర్లు కొందరు ఆ యాప్‌కు నకలు తయారుచేసి చూపించారు. రెండు రోజులు పట్టింది. ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. తెర మీద కనబడేది కట్టడం వేరు, దాని వెనక ఆరోగ్య శాఖ రికార్డులతో, సరిహద్దు కౌంటర్లతో ముడిపెట్టి, రహస్యంగా భద్రపరిచి, రెండేళ్ళు నడపడం వేరు. రెండు రోజుల పనికి ఆరు కోట్లా అని అరవడం నాకిష్టం లేదు. కానీ ఆ వెనక పని ఎంత విలువైనదో చెప్పి వాళ్ళ నోరు మూయించగల కాగితం ప్రభుత్వం దగ్గర లేకపోయింది. నిజాయితీగా పని చేసిన ప్రోగ్రామరు కూడా ఆ రోజు దొంగల జాబితాలో చేరిపోయాడు. ఇది మీరు చేసిన పనులన్నిటిలోకీ నాకు ఎక్కువ కోపం తెప్పించేది.

మీ ఆతిథ్యాన్ని గురించి ఎక్కువ చెప్పను. అధికారుల్ని భోజనాలకు పిలిచినవాళ్ళున్నారు. ఆ పిలుపులు వచ్చినట్లు పైవాళ్ళకు తెలియజేసిన దాఖలా ఆడిటుకు దొరకలేదు. అన్నం పెట్టడం మా ఊళ్ళో పుణ్యం. టెండరు రాసేవాడికి పెట్టిన అన్నం సంగతి మా ఊళ్ళోనూ అందరికీ తెలుసు.

2024 ఏప్రిల్ 17న మీలో ఒకరు కెనడా పార్లమెంటు సభలో, సభ్యులందరి ఎదుట, నిలబడి మందలింపు విన్నారు. ప్రభుత్వ పదవి లేని మామూలు పౌరుణ్ణి అలా నిలబెట్టడం 1913 తర్వాత అదే మొదలు. 2025 జూన్‌లో మీ సంస్థను ఏడేళ్ళ పాటు ప్రభుత్వ పనులు చేయకుండా నిషేధించారు. శిక్ష మీకే పడింది. ఇది చూసి నాకు తృప్తి కలగలేదు. మిమ్మల్ని ఒక్కర్నీ నిలబెట్టిన ఆ సభలో, రేట్లు ఒప్పుకున్నవాళ్ళూ, బిల్లులు పాసు చేసినవాళ్ళూ, 31 కార్యాలయాల్లో అందిందో లేదో చూడకుండా ‘అందింది’ అని రాసినవాళ్ళూ మీ పక్కన లేరు. 2025 జూన్ నివేదికలో ఆడిటర్ జనరల్ కొత్త సిఫారసులు ఏమీ చేయలేదు. కొత్త నియమాలు అక్కర్లేదని, ఉన్నవి పాటిస్తే చాలని అన్నారు. ఆ మాట నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. నియమాలన్నీ ఉన్నాయి. పట్టికలు, అనుమతులు, గళ్ళు, మార్కులు, అన్నీ. చిన్నవాడిని బయట నిలబెట్టడానికి అవి ఒక్కటీ తప్పకుండా పనిచేశాయి. మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడగడానికి మాత్రం పనిచేయలేదు.

స్తుతి అంటే పేర్లు చెప్పడం. విష్ణువుకు వెయ్యి, లలితకు వెయ్యి. నేను ఇంత రాసినా ఇందులో పని చేసినవాడి పేరు ఒక్కటీ రాలేదు. మీ కింద పనిచేసిన సంస్థలేవని పత్రికలు అడిగితే మొదట ప్రభుత్వం చెప్పడానికి ఒప్పుకోలేదు, వాణిజ్య రహస్యం అంది. తర్వాత పార్లమెంటు కమిటీ పట్టుబడితే సంస్థల జాబితా వచ్చింది. సంస్థల కింద మనుషులుంటారు. మీరు వాళ్ళను వెతికి తెచ్చారు, మీ వృత్తే అది, కనుక మీకు తెలిసి ఉండాలి. 2020 ఏప్రిల్‌లో, ఊళ్ళన్నీ తలుపులు మూసుకున్న రోజుల్లో, రాత్రి మేలుకుని ఆ మొదటి తెర రాసిందెవరు? అది 80,000 డాలర్లలో తయారైంది, పనిచేసింది. 2022 జూన్ విడుదలకు ముందు, ఇంకా పరీక్షించలేదు, పంపొద్దు అని ఎవరైనా అన్నారా? రోజుకు 1,090లో వాళ్ళ చేతికి ఎంత అందింది? వాళ్ళలో మన పిల్లలెవరైనా ఉన్నారా? పేర్లు చెప్పండి. మిగతా స్తుతి వాళ్ళకు రాయాలి.